కిష్ దీవిలో పదకొండు రోజులు

గత నెల ఒక శనివారం పొద్దున్నే జగిత్యాల నుంచి మా అక్క కొడుకు బోటిమ్‌లో ఫోన్ చేశాడు. వాడికి 23 ఏళ్లు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసి, ఊళ్లో దొరికిన పని చేసుకుంటున్నాడు.

"మామా, ఏజెంటుతోని మాట్లాడిన. 60 రోజుల విజిట్ వీసా, టికెట్ అన్నీ ఆయనే చూస్తడట. అక్కడికొచ్చినంక పని ఎతుక్కుంట. దొరకకపోతే బార్డర్ దాటి మల్ల కొత్త వీసా మీద వస్త. మీ ఇంట్ల రెండు నెలలు ఉండనిస్తే చాలు" అన్నాడు.

వద్దన్నాను. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నువ్వు పోలేదా మామా? నువ్వు గట్లనే కదా సెటిలైనవ్. నాకెందుకు వద్దంటున్నవ్?"

ఆ ప్రశ్నకు నేను ఫోన్లో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఏదో సర్ది చెప్పి పెట్టేశాను. వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. 22 ఏళ్ల కిందట నేనూ విజిట్ వీసా మీదే దుబాయ్‌లో దిగాను. నేనూ సరిహద్దు దాటి, కొత్త కాగితంతో తిరిగొచ్చాను. ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి ఇలాంటి ఫోన్ ఏటా ఒకటైనా వస్తుంది. అందుకే ఆ రోజు వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను వచ్చిన దారి

నేను ఎంసీఏ పూర్తి చేసింది 2002లో. అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలిన దెబ్బ అప్పటికింకా హైదరాబాద్‌ను వదల్లేదు. అమీర్‌పేటలో కోర్సుల మీద కోర్సులు చేసినా ఇంటర్వ్యూ కాల్ వచ్చేది కాదు. ఏడాదిపాటు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పాను. షార్జాలో ఉంటున్న మా దూరపు బాబాయి జాలిపడి విజిట్ వీసా తీయించారు. 2003 డిసెంబరు మొదటి వారంలో వచ్చాను. చేతిలో ఉన్నది రెండు నెలల గడువు.

దేరాలో ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఒకరి మీద ఒకరు పడుకునే ఇనుప మంచాలు. రోజూ పొద్దున పేపర్లో ఉద్యోగ ప్రకటనలు చూడటం, బయోడేటా కాపీలు సంచిలో వేసుకుని బర్‌దుబాయ్ దాకా తిరగడం. ఆరో వారంలో ఒక చిన్న ట్రేడింగ్ కంపెనీలో పని దొరికింది. వాళ్ల అకౌంట్ల సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి. జీతం 3,500 దిర్హామ్‌లు. ఆ రాత్రి గదిలో అందరికీ బిర్యానీ నేనే తెప్పించాను.

అయితే ఒక మెలిక ఉంది. విజిట్ వీసా మీద లోపలికి వచ్చినవాడు ఉద్యోగ వీసాకు మారాలంటే దేశం బయటికి వెళ్లి, కొత్త అనుమతితో మళ్లీ లోపలికి రావాలి. ఇండియా వెళ్లి రావడానికి నా దగ్గర డబ్బు లేదు. అప్పట్లో నాలాంటి వాళ్లందరికీ తెలిసిన దారి ఒకటే. కిష్.

కిష్ ఇరాన్ తీరానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న దీవి. స్వేచ్ఛా వాణిజ్య మండలం కాబట్టి అక్కడ దిగడానికి ముందుగా వీసా అక్కర్లేదు. 14 రోజులు ఉండనిస్తారు. దుబాయ్, షార్జాల నుంచి చిన్న విమానాలు నడిచేవి. ఎక్కిన అరగంటకో, ఇంకాస్త సేపటికో దిగిపోతాం. అక్కడ ఉండగా కంపెనీ ఇక్కడ వీసా తీసి, కాపీని హోటల్‌కు ఫ్యాక్స్ చేస్తుంది. అసలు కాగితం దుబాయ్ విమానాశ్రయంలో ఉంచుతారు. ఫ్యాక్స్ చూపించి విమానం ఎక్కడం, దిగాక అసలు కాగితం తీసుకుని స్టాంపు వేయించుకోవడం. చెప్పుకోవడానికి ఇంతే.

"మూడు రోజుల పని" అన్నాడు మా కంపెనీ పీఆర్వో. 2004 జనవరి మూడో వారంలో బయలుదేరాను. మూడు జతల బట్టలు సర్దుకున్నాను.

ఫ్యాక్స్ కాగితం కోసం

ఆ పంకాల విమానంలో సెలవు గడపడానికి వెళ్తున్నవాళ్లు ఎవరూ కనిపించలేదు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, మలయాళీలు, పాకిస్తాన్ వాళ్లు, మన తెలుగువాళ్లు. అందరి చేతుల్లో ఒకే రకం ప్లాస్టిక్ ఫైలు. దిగే ముందు ఆడవాళ్లంతా తలకు గుడ్డ కట్టుకున్నారు.

హోటల్‌లో గది కాదు, మంచం అద్దెకిస్తారు. మా గదిలో ఆరు మంచాలు. రిసెప్షన్ దగ్గర గోడకు ఒక బోర్డు. వీసా ఫ్యాక్స్ వచ్చినవాళ్ల పేర్ల జాబితా పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి దానికి అంటించేవారు. ఆ వేళకు హోటల్ హోటలంతా అక్కడే ఉండేది. పేరు వచ్చినవాడు అరిచేవాడు, పక్కనున్నవాణ్ని వాటేసుకునేవాడు. రానివాడు ఏమీ మాట్లాడకుండా మెట్లెక్కి పోయేవాడు. అక్కడ ఎవరైనా ఎదురుపడితే పలకరింపు "బాగున్నారా" కాదు. "పేరొచ్చిందా?"

మూడో రోజు నా పేరు రాలేదు. నాలుగో రోజూ రాలేదు. ఫోన్ చేస్తే పీఆర్వో "రేపు" అనేవాడు. రోజుకింత మంచం అద్దె, తిండి, ఫోన్ కార్డు. తెచ్చుకున్న డబ్బు కరిగిపోతుంటే లెక్క మొదలుపెట్టాను. 14 రోజుల్లో ఎన్ని మిగిలాయి? ఆ లోపు వీసా రాకపోతే ఇండియా టికెట్‌కు ఎవర్ని అడగాలి? ఇంటికి ఫోన్ చేసి "కిష్‌లో ఉన్నా" అని చెప్పలేదు. ఉద్యోగంలో చేరిపోయానని అప్పటికే చెప్పేశాను.

నా పక్క మంచం మీద ఒక మేస్త్రి ఉండేవాడు. మెట్‌పల్లి దగ్గరి ఊరు. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను "తమ్మీ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ని. ఆయనకు ఇంగ్లిష్ చదవడం రాదు. అందుకని రెండు పూటలా నా పేరుతోపాటు ఆయన పేరు కూడా బోర్డు మీద నేనే వెతికేవాణ్ని. పాస్‌పోర్టులో పేరు ఎలా రాసి ఉందో, ఇంటిపేరు ముందుందో వెనకుందో, ఒక్కో అక్షరం నాకు కంఠతా వచ్చేసింది.

అన్నకు కిష్ కొత్త కాదు. అది మూడోసారి. ఆయన వచ్చిందీ విజిట్ వీసా మీదే. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఆయనది ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టు. ఆ క్లియరెన్సుకు ఆలస్యమవుతుందని, విజిట్ మీద పోతే ఆ బాధ ఉండదని ఊళ్లో ఏజెంటు చెప్పాడట. షార్జాలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనిలో పెట్టుకున్నారు. "వచ్చే నెల కంపెనీ వీసా" అనేవాడు కాంట్రాక్టరు. గడువు అయిపోయేసరికి కిష్ పంపి, మళ్లీ విజిట్ వీసాయే తీసేవాడు. ఆ ఖర్చంతా జీతంలో కోత.

"తారీఖు మారుతది తమ్మీ. పని మారలే, జీతం మారలే" అన్నాడు ఒక సాయంత్రం.

ఆ సాయంత్రం మేమిద్దరం దీవి పడమటి ఒడ్డుకు నడిచి వెళ్లాం. అక్కడ 1966లో ఇసుకలో కూరుకుపోయిన గ్రీకు ఓడ ఒకటి ఉంది. తుప్పు పట్టి, ఒడ్డుకు కాస్త దూరంలో అలాగే నిలబడి ఉంది. సూర్యాస్తమయం వేళ దాన్ని చూడటానికి జనం వస్తారు. అన్న చాలాసేపు చూసి, "దీనికీ వీసా రాలేదనుకుంట" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కిష్‌లో నేను నవ్వింది ఆ ఒక్కసారే అని గుర్తు.

పదకొండో రోజు పొద్దున నా పేరు వచ్చింది. అన్న పేరు రాలేదు. నా దగ్గర మిగిలిన కొంత డబ్బు, సగం వాడిన ఫోన్ కార్డు ఆయన చేతిలో పెట్టి, మా గది నంబరు రాసిచ్చి వచ్చేశాను. ఆనందంలో ఉన్నాను కదా, వెనక్కి తిరిగి కూడా సరిగా చూడలేదు.

రెండో జాబితా

2004 ఫిబ్రవరి 10, మంగళవారం. నేను ఉద్యోగంలో చేరి వారమైనా కాలేదు. కిష్ నుంచి షార్జా వస్తున్న కిష్ ఎయిర్ ఫోకర్ 50 విమానం, దిగడానికి కాసేపటి ముందు షార్జా విమానాశ్రయం దగ్గర కూలిపోయింది. విమానంలో ఉన్న 46 మందిలో 43 మంది చనిపోయారు. ముగ్గురే బతికారు. చనిపోయినవాళ్లలో భారతీయులు కూడా ఉన్నారు.

ఆఫీసులో ఎవరో రేడియోలో విని చెప్పారు. నాకు ముందు గుర్తొచ్చింది అన్న మొహమే. ఆయన కాంట్రాక్టరు షార్జావాడు. రావాల్సింది షార్జా విమానంలోనే. కిష్‌లో హోటల్‌కు ఫోన్ చేస్తే లైను కలవలేదు.

తర్వాత పేర్లు బయటికొచ్చాయి. పది రోజుల కింద ఏ పేరైతే జాబితాలో కనబడాలని రెండు పూటలా వెతికానో, ఇప్పుడదే పేరు కనబడకూడదని వేలు పెట్టి ఒక్కో వరసా వెతికాను. లేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. లేదు.

ఊపిరి తీసుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. అన్న పేరు లేదు సరే, ఉన్న పేర్లు ఎవరివి? వాళ్లలో కొందరైనా కిష్‌లో బోర్డు ముందు నిలబడ్డవాళ్లే అయ్యుంటారు. "పేరొచ్చిందా?" అని నన్ను అడిగినవాళ్లు అయ్యుండొచ్చు. ఆ పొద్దున పేరు వచ్చిందని సంబరపడి విమానం ఎక్కి ఉంటారు.

మార్చిలో అన్న ఫోన్ చేశాడు. గడువు ఆఖరి రోజుల్లో వీసా వచ్చిందట, విజిట్ వీసాయే. "మల్ల ఆ విమానం ఎక్క తమ్మీ. నాతోని కాదు" అన్నాడు. అన్నట్టే ఎక్కలేదు. ఆ గడువు అయిపోయినా వెళ్లకుండా ఉండిపోయాడు. మన గల్ఫ్ భాషలో చెప్పాలంటే ఖల్లివెల్లి అయ్యాడు. మూడేళ్లు పోలీసులను తప్పించుకుంటూ, దొరికిన సైట్లో దొరికిన కూలికి పనిచేశాడు. ఒక కాంట్రాక్టరు మూడు నెలల జీతం ఎగ్గొడితే అడగడానికి కూడా దారి లేదు. కాగితం మీద ఆయన ఏ కంపెనీ మనిషీ కాదు. 2007లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. నేనే విమానాశ్రయంలో దింపాను. నాలుగేళ్ల కష్టానికి చేతిలో ఒక బ్యాగు, పిల్లలకు చాక్లెట్లు.

ఒకే దీవి, ఒకే గది, ఒకే బోర్డు. నా జీవితం కుదురుకుంది, ఆయనది కుదురుకోలేదు. నేను తెలివైనవాణ్నని కాదు. నేను తిరిగొచ్చిన కాగితం మీద ఒక కంపెనీ పేరు, నా ఉద్యోగం పేరు ఉన్నాయి. ఆయన కాగితం మీద ఉన్నది మరో రెండు నెలల గడువు మాత్రమే.

ఇప్పుడు ఏం మారింది

"అది పాత కాలం మామా, ఇప్పుడంతా ఆన్‌లైన్" అంటాడు మా వాడు. నిజమే. ఇప్పుడు ఫ్యాక్సులు లేవు. కంపెనీ నిజంగా ఉద్యోగ వీసా ఇస్తుంటే దేశంలో ఉండగానే స్టేటస్ మార్చుకునే వీలుంది. విజిట్ నుంచి విజిట్‌కు మారడానికే ఇప్పటికీ ఎక్కువమంది సరిహద్దు దాటుతున్నారు. కొవిడ్ సమయంలో దేశం దాటకుండానే పొడిగించుకునే వెసులుబాటు ఇచ్చారు. 2022 చివర్లో అది తగ్గిపోయాక మళ్లీ ఒమాన్ సరిహద్దుకు బస్సులు, "ఎయిర్‌పోర్ట్ టు ఎయిర్‌పోర్ట్" ప్యాకేజీలు పెరిగాయి. పొద్దున పక్క దేశానికి విమానం ఎక్కి, అక్కడి విమానాశ్రయంలోనే కుర్చీల్లో కూర్చుని, కొత్త వీసా ఫోన్‌కు రాగానే తిరుగు విమానం ఎక్కడం.

కిష్ బోర్డు ఫోన్లోకి వచ్చింది, అంతే. ఆ వీసా తిరస్కరణకు గురైతే ఆ కుర్చీలోంచి ఇంటికే వెళ్లాలి. 2024 చివరి నుంచి దుబాయ్ పర్యాటక వీసాలకు హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ వంటివి ముందే గట్టిగా అడుగుతున్నారు. తిరస్కరణలూ పెరిగాయి. గడువు దాటి ఉంటే జరిమానా రోజుకు 50 దిర్హామ్‌లు. నెల రోజులకు 1,500. పని లేనివాడు ఎక్కడి నుంచి కడతాడు?

అన్నిటికంటే ముఖ్యం, విజిట్ వీసా మీద పనిచేయడం చట్టవిరుద్ధం. 2024లో చేసిన సవరణ ప్రకారం పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హామ్‌ల వరకు జరిమానా పడుతుంది. అందుకే మంచి కంపెనీ ఏదీ "ముందు విజిట్ మీద పనిలో చేరు, వీసా తర్వాత చూద్దాం" అనదు. అలా అన్నారంటే అదే మొదటి హెచ్చరిక. పనిచేసినవాడి పేరు మీద రిజిస్టరైన ఒప్పందం ఉండదు. జీతం బ్యాంకు ద్వారా పడే రక్షణ ఉండదు. పై నుంచి పడి కాలు విరిగితే "వీడు మా మనిషి కాదు" అనడం యజమానికి చాలా తేలిక.

మనవాళ్లకు ఏం చెప్పాలి

ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు "వద్దు" అని ఊరుకుంటే చాలదు. మరి ఎలా రావాలో కూడా చెప్పాలి.

ముందు ఆఫర్ లెటర్ అడగాలి. ఇక్కడి కార్మిక శాఖ పరిధిలోని కంపెనీలు శాఖ నమూనాలోనే ఆఫర్ ఇవ్వాలి. దానికి నంబరు ఉంటుంది. శాఖ వెబ్‌సైట్‌లో అది నిజమో కాదో చూడొచ్చు. ఇంట్లో ఎవరికీ చదవడం రాకపోతే ఇక్కడున్న బంధువు పది నిమిషాల్లో చూసిపెట్టగలడు. ఫ్రీజోన్ కంపెనీ అయితే ఆ ఫ్రీజోన్ కార్యాలయాన్ని అడగాలి.

ఇక్కడి చట్టం ప్రకారం వీసా, నియామకం ఖర్చులు యజమానివే. వాటిని కార్మికుడి జీతంలోంచి కోయకూడదు.

పదో తరగతి పాస్ కానివాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకునే రావాలి. అది అడ్డంకి అనుకుంటారు గానీ, దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ మీద దొడ్డిదారిన వచ్చినవాడు పోగొట్టుకునేది దాన్నే. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీఎస్ ప్రభుత్వ సంస్థలే. వెళ్లి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

డిగ్రీ, అర్హత ఉన్నవాళ్లకు 2022 నుంచి ఉద్యోగం వెతుక్కోవడానికే 60, 90, 120 రోజుల వీసా ఉంది. దానికి స్పాన్సర్ అవసరం లేదు. అందరికీ అది దొరకదు. ఐటీఐ చదివిన మా వాడికి అది వర్తించదు కూడా. వాడికి ఆఫర్ లెటర్ దారి ఒకటే.

ఇప్పటికే విజిట్ మీద వచ్చి చిక్కుకున్నవాళ్లు గడువు దాటకముందే మాట్లాడాలి. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342. భయపడి దాక్కున్న ప్రతి రోజూ జరిమానా పెరుగుతుంది, దారులు మూసుకుపోతాయి. క్షమాభిక్ష 2018లో వచ్చింది, మళ్లీ 2024లో వచ్చింది. దాని కోసం ఆరేళ్లు దాక్కోవాలని ఎవరూ కోరుకోరు కదా.

మా వాడికి జవాబు

ఇదంతా పోయిన వారం వాడికి మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. కిష్ గురించి మా ఇంట్లో ఎవరికీ ఇంతకుముందు పూర్తిగా చెప్పలేదు. మా అక్క కూడా స్పీకర్లో విన్నది. "అప్పుడు పనిలో చేరిన్నంటివి కదరా" అంది. అవును, అన్నాను. అక్క ఇంకేం అనలేదు.

మా వాడు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "నీకు ఎంసీఏ ఉండె, షార్జాల బాబాయి ఉండె. నాకు నువ్వున్నవ్ కదా" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే చెప్పాను. నీకు నేను ఉన్నాను కాబట్టే వద్దంటున్నా. నీ సర్టిఫికెట్లన్నీ పంపు. నేను ఇక్కడ నాకు తెలిసిన రెండు మూడు ఎలక్ట్రికల్ కాంట్రాక్టింగ్ కంపెనీల్లో ఇస్తాను. ఆర్నెల్లు పట్టొచ్చు. ఆఫర్ వస్తే దాని నంబరు నేనే చూస్తాను. పర్మిట్ మీద నీ పేరు, నీ పని, నీ జీతం కనిపించాక టికెట్ కొందాం.

వాడింకా కాస్త అలకగానే ఉన్నాడు. కానీ నిన్న రాత్రి ఐటీఐ సర్టిఫికెట్ ఫొటో పంపాడు. ఒక మూల మసకగా ఉంది, మళ్లీ తీసి పంపమన్నాను. పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూడాలి. ఆ అలవాటు నాకు కిష్‌లో అయింది.